పొద్దు పోని దారిలో

రాత్రి పదకొండున్నర బస్సు.
చివరి బస్సు అంటారు గాని
ఎదురద్దం నిండా ఎండ.
టోపీ నుదుటి మీదికి లాక్కుని
సముద్రం పక్కన మలుపులు తిప్పుతున్నాను.

ముగ్గురు ప్రయాణికులు.
చేపల ఫ్యాక్టరీలో పని దిగిన హిల్యా
బూట్లు విప్పి సీటు కిందికి తోసింది,
నిమ్మకాయతో రుద్దినా పోని వాసన చేతులకి.
దక్షిణం నుంచి వచ్చిన కుర్రాడొకడు
కనపడ్డ ప్రతి రాయికీ ఫోటో తీస్తాడు,
తీసి, టైము చూసుకుంటాడు,
చూసుకుని, నమ్మడు.
మూడోది అట్టపెట్టె.
కన్నాలు పొడిచిన మూత మీద
లావు అక్షరాలతో: రిస్తెన్, పడవల రేవు.
లోపల రెండు కోడిపెట్టలు.
పొద్దుటి నుంచీ, అంటే ఏ పొద్దుటి నుంచో,
ఆపకుండా గొణుగుతున్నాయి.

పాపం, వాటికేం తెలుసు.
గూట్లోకి చేరదామంటే
పొద్దు వాలదే.
కొండ మీదికి దిగినట్టే దిగి
నీళ్ల అంచు తాకకుండా
మళ్లీ పైకి పాకుతుంది,
వెళ్తానని లేచి గుమ్మం దగ్గర
ఇంకో గంట మాట్లాడే చుట్టంలా.

ఈ రోజుల్లో మా వాళ్లకి మంచం అంటే
కోట్లు పడేసుకునే బల్ల.
ఒడ్‌ముండ్ నిచ్చెనెక్కి ఇంటికి రంగు వేస్తున్నాడు,
గాలి పడుకున్నప్పుడే రంగు నిలుస్తుందట.
ఆయన భార్య బంగాళదుంపల మళ్లో కలుపు తీస్తోంది.
పిల్లలు బడి గోడకి బంతి కొడుతున్నారు.
"పొద్దుపోయింది, లోపలికి రండి" అని
పిలవడానికి తల్లులకి మాట లేదు.
ఇక్కడ పొద్దు పోదు.
పొద్దుపోవడం లేదని
అనేవాడూ లేడు.
అన్నీ ఈ రెండు నెలల్లోకే కుక్కాలి:
కట్టెలు, పడవ, పెళ్లి, పైకప్పు,
శీతాకాలానికి సరిపడా వెలుతురు కూడా.
ఆ చివరిది మాత్రం
ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు.

సొరంగం దగ్గర బ్రేకు వేశాను.
లోపల రెయిన్‌డీర్లు.
ఎండకీ దోమలకీ తాళలేక
దారంతా పరుచుకుని నిలబడ్డాయి,
నలభయ్యో, యాభయ్యో.
హారన్ కొట్టను.
యోవ్నా వాళ్ల మంద, చెవుల గాట్లు చూసి పోల్చుకున్నాను,
అదిలిస్తే రేపు అతని మొహం ఎలా చూడను?
మెల్లిగా లోపలికి తోలి
ఇంజను ఆపాను.
లైట్లూ ఆపాను.

"ఎంతసేపు?" అన్నాడు కుర్రాడు.
"వాటికి తోచేదాకా."

చీకటి.
మే నెల తర్వాత మేం చూసిన మొదటి చీకటి.
రాతి చెమట చుక్కలుగా బస్సు కప్పు మీద రాలుతోంది.
అడుగు మార్చినప్పుడల్లా కాళ్లు చిటుక్కుమంటున్నాయి,
తడి ఊపిర్లు, బొచ్చు వాసన.
కుర్రాడు ఫోను బోర్లించాడు.
హిల్యా గురక.
పెట్టెలో గొణుగుడు సన్నబడి, సన్నబడి,
ఒక రెక్క సర్దుకున్న చప్పుడు,
ఆ తర్వాత ఏమీ లేదు.

నేనూ కళ్లు మూసుకున్నాను.
మూసినా తెరిచినా ఒకటే కావడం
ఎంత సుఖమో!
నవంబరుకల్లా మరిచిపోతాను.
నవంబరులో ఇదే చీకటిని
నోటికొచ్చినట్టు తిడతాను.

ఇరవై నిమిషాలు. కాదు, నలభై.
టైం టేబుల్లో లేని రాత్రి.

రేవులో రిస్తెన్ పడవ బోర్లేసి
తారు పూస్తోంది, డెబ్బై ఆరేళ్ల మనిషి.
పెట్టె అందుకుని చెవి ఆనించింది.
"చచ్చాయా?"
"పడుకున్నాయి."
నమ్మలేనట్టు నా వైపు చూసింది.
ఎలాగని అడగలేదు.
భుజం మీది నల్ల శాలువా తీసి
పెట్టె మీద కప్పి
చుక్క వెలుతురు దూరకుండా
అంచులు చుట్టూ దోపింది,
తారు చేతులతోనే.

ఆలస్యానికి కారణం పుస్తకంలో రాయాలి.
స్టీరింగు మీద పెట్టుకుని, ఎండలో కళ్లు చికిలించి,
రెయిన్‌డీర్లు అని రాశాను.
అబద్ధమేమీ కాదు.